మూడిళ్లు ఒక్కసారే

మా అమ్మ రెండో అంతస్తులో చిక్కుబడిపోయిందని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. ఇంట్లో ఉండి కంప్యూటర్ పని చేసుకునేవాణ్ణి, పొద్దస్తమానం ఆమె ఎదురుగానే ఉండేవాణ్ణి, అయినా నా బుర్రకు ఎక్కలేదు. మోకాళ్లు అరిగాక దవాఖానకు తీసుకుపోతే తప్ప ఆమె మెట్లు దిగడం మానేసింది. పొద్దున్నే వరండా గ్రిల్ పట్టుకుని నిలబడేది. గనికి ఫస్ట్ షిఫ్ట్ బస్సు పోవడం చూసేది, మధ్యాహ్నం అదే బస్సు బొగ్గు పట్టి నల్లబడ్డ మనుషులను దింపిపోవడం చూసేది. కింద ఎవరైనా ఆగి "అవ్వా, మంచిగున్నవా?" అని అరిస్తే తనూ అరిచి జవాబు చెప్పేది. నేను ఫోన్ మీటింగులో ఉన్నప్పుడు ఈ అరుపులు వినబడి విసుక్కునేవాణ్ణి కూడా.

ఒకరోజు అన్నం తింటూ మామూలుగా అన్నది: "మనుషుల మొఖాలు జూసి ఎన్ని దినాలాయె కొడుకా. పైనుంచి జూస్తె అందరి నెత్తులే కనవడ్తయి."

ఎట్లాగైనా ఈమెను నేల మీదికి దించాలని అప్పుడే అనుకున్నాను.

క్వార్టర్ నా భార్య పేరు మీద ఉంది. ఆమె గోదావరిఖనిలో బొగ్గు గనుల కంపెనీ దవాఖానలో నర్సు. కింది ఇల్లు కావాలంటే ఖాళీ అయ్యేదాకా ఎదురుచూడాలి, లేదా ఎవరితోనైనా మార్చుకోవాలి. మార్చుకోవడాన్ని ఇక్కడ అందరూ మ్యూచువల్ అంటారు. ఇద్దరికీ ఇష్టమైతే కలిసి అర్జీ పెట్టుకుంటారు, ఆఫీసు వాళ్లు సరేనంటే సామాను ఎత్తుకుంటారు. చిక్కేమిటంటే, మాకు కావలసిన ఇంట్లో ఉన్నాయనకు మా ఇల్లు అక్కర్లేదు. ఆయనకు ఇంకెవరిదో కావాలి, ఆ ఇంకెవరికో మా ఇల్లు కావాలి. ఇట్లా ముగ్గురు దొరికితే ఒక చుట్టు పూర్తవుతుంది. కానీ ముగ్గురూ మూడు కాలనీల్లో ఉంటే ఒకరి సంగతి ఒకరికి ఎట్లా తెలుస్తుంది?

చౌరస్తా దగ్గర జిరాక్స్ షాపు నడిపే ఆయన నాకు చిన్ననాటి దోస్తు. చుట్టరికం ఏమీ లేదు, అయినా బావా అంటే బావా అని పిలుచుకుంటాం. అర్జీలు టైపు చేయించుకునేవాళ్లంతా ఆయన దగ్గరికే వస్తారు కాబట్టి ఎవరికి ఏ కాలనీలో ఇల్లు కావాలో ఆయనకు నోటికి వస్తుంది. ఆ నోట్లో ఉన్నదాన్ని షాపు కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామన్నాను. ఒక్కో క్వార్టర్‌కు ఒక్కో ఫైలు. ఎవరుంటున్నారు, ఎక్కడికి పోవాలనుకుంటున్నారు, ఎవరితోనైనా కుదిరిందా లేదా, అంతే. నా ప్రోగ్రాం ఆ ఫైళ్లన్నీ చదివి చుట్లు వెతుకుతుంది. చుట్టు దొరికితే ముగ్గురి ఫైళ్లలోనూ "కుదిరింది" అని రాస్తుంది. బావ ముగ్గురికీ ఫోన్ చేస్తాడు.

రాసిన వారానికే నాలుగైదు కుటుంబాలకు ఇళ్లు కుదిరాయి. శ్రీరాంపూర్ నుంచి కూడా మనుషులు రావడం మొదలైంది. నేను చౌరస్తా దాకా పోతే ఎవరో ఒకరు చాయ్ తాగించకుండా వదిలేవాళ్లు కాదు. కొంచెం గాల్లో నడిచాననే చెప్పాలి.

అట్లా నడుస్తూ ఉండగానే మా ఇంటికి దెబ్బ పడింది. ఒక సాయంత్రం ప్రోగ్రాంకు మా చుట్టు దొరికింది. మా ఫైలులో "కుదిరింది" అని రాసింది, రెండో ఇంటి ఫైలులో రాసింది, మూడోదాన్ని తెరవబోయేలోపు బజారంతా కరెంటు పోయింది. ఆ మూడోదే మా అమ్మకు రావలసిన కింది ఇల్లు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక బావ షట్టర్ దించి ఇంటికి పోయాడు. తెల్లారి చూస్తే ఆ కింది ఇల్లు ఇంకా ఎవరితోనూ కుదరనట్టే ఉంది. ఇంకెవరో వచ్చి అడిగారు, ప్రోగ్రాం వాళ్లతో కలిపింది, బావ ఫోన్లు చేశాడు, వాళ్లు సంతకాలు పెట్టుకున్నారు. మా ఫైలులో మాత్రం కుదిరిందని ఉంది కాబట్టి మమ్మల్ని ఎవరూ అడగలేదు. మా పేరు వెతుకులాటలోకే రాలేదు.

ఇంత కాలమైనా ఏమీ రాలేదేమని నేనే పోయి ఫైళ్లు తెరిచినప్పుడు సంగతి బయటపడింది. అప్పటికి ఆ కింది ఇంటి ముందు కొత్తవాళ్ల ముగ్గు కూడా పడింది. ముందు కరెంటును తిట్టాను, తర్వాత బావను తిట్టాను.

"నన్నెందుకంటవ్ బావా? నీ డబ్బ ఏం చూపెట్టిందో నేను గదే చెప్పిన," అన్నాడు బావ. అన్న మాట నిజమే కాబట్టి నాకు ఇంకా మండింది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. "పోతె పోయింది తియ్యి. గింత దానికి నువ్వు మొఖం గట్ల పెట్టకు," అన్నది. అని లేచి గ్రిల్ దగ్గరికి పోయింది. చీకటి పడేదాకా లోపలికి రాలేదు. నాకు సిగ్గేసింది, దుఃఖం కూడా వచ్చింది.

ఇక పట్టుదల పెరిగింది. చెయ్యవలసిన పని ఒక్క మాటలో చెప్పొచ్చు: మూడు ఫైళ్లు మారితే మూడూ మారాలి, లేకపోతే ఒక్కటీ మారకూడదు. మధ్యలో కరెంటు పోయినా సరే, కంప్యూటర్ కాలిపోయినా సరే. మా వృత్తిలో దీనికి ట్రాన్సాక్షన్ అని పేరు. ఆ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లు తయారుగా ఉంటాయి, ఊరికే దొరుకుతాయి. నాతో పనిచేసేవాళ్లు ఫోన్‌లో అదే చెప్పారు.

నా భార్య డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ అదే అన్నది. "బజార్ల దొరికేదాన్ని ఇంట్ల కూసోని తయారు చేసుడేంది?"

"మామిడికాయ తొక్కు బజార్ల దొరకదా? నువ్వెందుకు పెడ్తున్నవ్?"

"తొక్కు పెడ్తె కరెంటు పోయి ఇల్లు పోదు," అన్నది.

బావది పాత కంప్యూటర్ అనీ, ఫైలు మామూలుగా తెరిస్తే ఆయనకు కంటికి కనబడాలనీ సాకులు చెప్పాను. అవీ అబద్ధాలు కావు. కానీ అసలు సంగతి పంతం. నా ఫైళ్లు నన్ను ముంచాయి, వాటితోనే తేలాలని నా పంతం.

మొదట నాకు తోచింది, మార్చే ముందు పాత ఫైళ్లను పక్కన దాచిపెట్టడం. తేడా వస్తే పాతవి తెచ్చి మళ్లీ వాటి చోట పెట్టేయొచ్చు. రెండు రోజులు సంబరపడ్డాను. మూడో రోజు స్నానం చేస్తుంటే, పాతవి తెచ్చిపెట్టేటప్పుడు మళ్లీ కరెంటు పోతే ఎట్లా అని తట్టింది. తల తుడుచుకోకుండానే వచ్చి రాసిందంతా కొట్టేశాను.

తర్వాత ఆలోచన తిరగేశాను. పాతదాన్ని ముట్టుకోవద్దు. దాని పక్కనే కొత్త ఫైలు రాయాలి. మూడు కొత్తవీ పూర్తయి, డిస్కులో కూర్చున్నాక, ఒక చిన్న ఫైలు పుట్టించాలి. దానికి "ఖాయం" అని పేరు పెట్టాను. అది ఉందంటే మార్పిడి జరిగినట్టు, లేదంటే జరగనట్టు. సగం అనేది ఉండదు. కరెంటు వచ్చి ప్రోగ్రాం లేవగానే ముందు ఖాయం ఫైలు ఉందా అని చూస్తుంది. ఉంటే పాతవాటి స్థానంలో కొత్తవి పెట్టే పని చేసుకుపోతుంది, ఆ పనిలో మళ్లీ పడిపోయినా మళ్లీ లేచి మొదటినుంచి చేసుకుంటుంది, రెండుసార్లు చేసినా చెడేదేమీ లేదు. ఖాయం లేకపోతే కొత్తవన్నీ ఊడ్చి పారేస్తుంది, పాతవి ఎక్కడివక్కడ ఉంటాయి. అది పని చేస్తుందని తోచిన రోజు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కిందికి పోయి ఒక్కణ్ణే మిర్చిబజ్జీలు తిని వచ్చాను.

డిస్కు సంగతి ఒకటి ఏడిపించింది. రాశావా అంటే రాశానంటుంది, నిజానికి ఇంకా చేతిలో పట్టుకునే ఉంటుంది. గ్యాస్ బుక్ చేశావా అంటే నేను నా భార్యకు "ఆఁ, చేసిన" అంటాను చూడండి, అట్లా. నిజంగా రాసేదాకా కదలనని దాని మెడ మీద కూర్చునే ఆజ్ఞ ఒకటుంది, అది ప్రతిచోటా పెట్టాను. ప్రోగ్రాం నిదానించింది, పోనీలే అనుకున్నాను.

ఆదివారం బావ షాపులో పరీక్ష పెట్టాం. ప్రోగ్రాం రాస్తూ ఉంటే బావ ఉన్నట్టుండి స్విచ్ ఆపాలి. ఎప్పుడు ఆపుతాడో నాకు చెప్పకూడదు. ఆయనకు ఈ ఆట తెగ నచ్చింది. జిరాక్స్ కోసం వచ్చినవాళ్లు బయట నిలబడి గొణుగుతున్నా వినకుండా ఆపాడు, వేశాడు, ఆపాడు, వేశాడు. "బావా, నువ్వు దీన్ని బాగు చేస్తున్నవా, ఖరాబ్ చేస్తున్నవా?" అని అడిగాడు. ప్రతిసారీ లేవగానే ఫైళ్లు తెరిచి చూశాను. మారితే మూడూ మారి ఉన్నాయి, లేకపోతే మూడూ పాతవే ఉన్నాయి. బయట ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగి షాపు అద్దాలు గలగలమన్నాయి. ఆ చప్పుడు నాకు నా కోసమే కొట్టిన డప్పులాగా వినబడింది.

వానలు పోయి చలి మొదలయ్యాక ఒక పొద్దున బావ ఫోన్ చేశాడు. "బావా, ఖాయం వడ్డది. మీదే."

చుట్టు ఇట్లా ఉంది. రెండు బ్లాకుల అవతల కింది ఇంట్లో గనిలో ఓవర్‌మెన్‌గా కూలీల పని చూసే అన్న ఉంటాడు. ఆయన ఇల్లు మాకు. ఆయనకు తన గనికి దగ్గరగా వేరే కాలనీలో ఉన్న, డంపర్ బండి నడిపే ఒక తమ్ముడి ఇల్లు. ఆ డంపర్ తమ్ముడికి మా రెండో అంతస్తు, ఎందుకంటే అతని భార్యకు అక్క మా ఎదురింట్లోనే ఉంది. ముగ్గురం పోయి సంతకాలు పెట్టాం, ఆర్డరు వచ్చింది. గుడి అయ్యగారిని అడిగితే ఒక గురువారం పొద్దున ముహూర్తం చెప్పాడు. అది దాటితే మూఢం, మళ్లీ మంచిరోజు చాలా దూరం. ఓవర్‌మెన్ అన్న అంతవరకు ఆగేట్టు లేడు. ఆయనకు గని దగ్గరే ఇంకో ఇల్లు మాటల్లో ఉంది. ఆయన జారిపోతే అమ్మ మళ్లీ గ్రిల్ దగ్గరే.

సరిగ్గా అప్పుడు ఆడవాళ్ల దగ్గర బండి ఆగింది. కొత్త ఇంట్లో పాలు పొంగేదాకా పాత ఇంట్లో పొయ్యి ఆర్పకూడదని మా అమ్మ పట్టు. పొయ్యి లేని గడియ ఒక్కటి కూడా సంసారంలో ఉండకూడదట. ఇది మా దగ్గర అందరికీ ఉన్న పట్టే. ఓవర్‌మెన్ అన్న భార్య, వదిన, అదే అన్నది, డంపర్ తమ్ముడి భార్య ఫోన్ చేసి అదే అన్నది. అంతవరకు బాగానే ఉంది. కానీ పాలు పొంగించాలంటే ఎదుటివాళ్లు ఖాళీ చేసి ఇల్లు ఊడ్చి ఇవ్వాలని కూడా ముగ్గురూ అన్నారు. వదిన కదలనిదే మేం పొంగించలేం, తమ్ముడి భార్య కదలనిదే వదిన పొంగించలేదు, మేం కదలనిదే తమ్ముడి భార్య పొంగించలేదు.

నా భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. "ముగ్గురు ముగ్గురి గడపల ముంగట పాలగిన్నెలు పట్టుకోని నిలవడుండ్రి. మూఢం అయిపోయేదాంక."

మా వృత్తిలో దీన్ని డెడ్‌లాక్ అంటారు. కంప్యూటర్‌లో వస్తే ఏదో ఒక పనిని చంపి మిగతావాటిని నడిపిస్తాం. ఇక్కడ ఎవర్ని చంపను? ఓవర్‌మెన్ అన్న అప్పటికే ఫోన్‌లో "తమ్మీ, గిది అయ్యేటట్టు లేదు, నేను ఆ ఇంకో ఇల్లు చూసుకుంట" అన్నాడు. ఒక్క రోజు ఆగమని బతిమాలాను.

ఆ సాయంత్రం టేబుల్ దగ్గర కూర్చుని నా ఫైళ్లనే చూస్తూ ఉన్నాను. పాతది ఉండగానే పక్కన కొత్తది. ఇంత పెద్ద అక్షరాలతో నేనే రాసుకున్నాను కదా అనిపించింది. లేచి అమ్మ దగ్గరికి పోయాను.

"అమ్మా, వాల్ల పొయ్యి వాల్ల వంటింట్ల మండనియ్యి. మనం ముందు గదిల ఓ మూల ఊడ్చి, ముగ్గేసి, చిన్న స్టవ్ పెట్టి పాలు పొంగిద్దాం. మూడిండ్లల్ల గట్లనే. ముగ్గురి పాలు పొంగినయని ఫోన్ వచ్చినంకనే పాత పొయ్యిలు ఆర్పుదాం. ఒక్కరియి పొంగకున్నా ఆ పాలతోని చాయ్ పెట్టుకోని ఎవరింట్ల వాల్లం ఉందాం."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఒక్క ఇంట్ల రెండు పొయ్యిలా? వేరువడ్డ అన్నదమ్ములా ఏంది?"

"ఒక్క గంట సేపే."

నేను గ్రిల్ వైపు చూడకుండా ఉండలేకపోయాను. చివరికి అమ్మ అన్నది, "ముందు గదిల అయితె సరే. వంటింట్ల మాత్రం అడుగు పెట్టద్దు, అది ఇంక ఆమెదే."

అమ్మ ఒప్పుకుందని తెలిసి మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారు. వయసులో పెద్దావిడ మాట కదా. ఓవర్‌మెన్ అన్నకు ఫోన్ చేసి చెబితే, "గింత ఉపాయం నిన్న ఎటు పోయింది?" అన్నాడు. నాకు ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

గురువారం తెల్లవారగానే అమ్మను దించాం. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోస్తామంటే కేకలేసింది. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి నా భుజానికి. ఒక్కో మెట్టుకు రెండు కాళ్లూ చేరాక ఇంకో మెట్టు. మధ్యలో పక్కింటివాళ్లు తలుపు తీసి పలకరిస్తే నిలబడి తీరిగ్గా మాట్లాడింది. ముహూర్తం ముంచుకొస్తోందని నేను పళ్లు నూరుకుంటున్నాను. కింద ఆటో ఎక్కించి, రెండు బ్లాకుల అవతల ఓవర్‌మెన్ అన్న ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాను. నా భార్య లోపల మూలన ముగ్గు వేస్తోంది. వదిన వంటింట్లో తన ఆఖరి వంట ఉడుకుతోంది. నేను స్టవ్‌కు పైపు తగిలించి, అమ్మను పిలుద్దామని బయటికి వస్తే కుర్చీ ఖాళీగా ఉంది.

వంటింట్లో లేదు. వెనక పెరట్లో లేదు. ఆటోలో లేదు. పాత ఇంటికి పోయిందనుకుందామంటే మెట్లు ఎక్కలేదు కదా. పాత ఇంట్లో లేకుండా, కొత్త ఇంట్లోకి రాకుండా మనిషి మాయమైంది. ఇట్లాంటిది జరగకూడదనే కదా నేను అన్ని నెలలు తల బాదుకున్నది! ఫోన్ మోగింది. డంపర్ తమ్ముడు మా పాత ఇంటినుంచి మాట్లాడుతున్నాడు. "అన్నా, మాయి పొంగినయి. మీయో?" ఆ వెంటనే ఓవర్‌మెన్ అన్న. ఆయనవీ పొంగాయట.

"అత్తమ్మ ఎటు పోయిందో చూసి రాపో. పాలు నేను పొంగిస్త," అన్నది నా భార్య. నేను చెప్పులు వేసుకోకుండానే పరుగెత్తాను.

సందు మలుపు తిరిగితే కనబడింది. కూరగాయల బండి అంచు పట్టుకుని నిలబడి ఉంది. కూరలమ్మే ఆమె, ఇంకో ఇద్దరు ముసలమ్మలు చుట్టూ ఉన్నారు. అమ్మ పుంటికూర కట్టలు ఒక్కొక్కటే ఎత్తి చూసి పక్కన పెడుతోంది. ఏదీ నచ్చడం లేదు. నలుగురూ పడీపడీ నవ్వుతున్నారు, దేనికో నాకు తెలియదు.

"అమ్మా! ముహూర్తం అయిపోతుంది! అక్కడ పాలు పొంగుతున్నయి!"

అమ్మ నా వైపు చూసింది. పొయ్యి ఆరకూడదని మూడు కుటుంబాలను నిలబెట్టిన మనిషి, నెమ్మదిగా ఒక కట్ట ఎంచి, మట్టి దులిపి, బండి ఆమెతో సంచీలో పెట్టించి నా చేతికి ఇచ్చింది.

"పొంగనియ్యి బిడ్డా. పాలకు నిప్పుంటె సాలు, నేనెందుకు?"

జేబులో ఫోన్ మోగింది. నా భార్య. "పొంగినయి. ఇంక ఆర్పమని చెప్పు." నేను అక్కడే, బండి పక్కనే నిలబడి ఇద్దరికీ ఫోన్ చేసి పొయ్యిలు ఆర్పమని చెప్పాను. కళ్లు తడిశాయి, దుమ్ము పడిందన్నట్టు తుడుచుకున్నాను. తర్వాత అమ్మ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"నువ్వు నడువు. నేను మెల్లగ వస్త," అని మళ్లీ వాళ్ల వైపు తిరిగింది.

సంచీ పట్టుకుని ముందు నడిచాను. ఆమె వచ్చేసరికి మా సామాను సగం లోపలికి చేరింది.